న్యూయార్క్‌లో థాంక్స్‌గివింగ్: ఏ పేటలో ఏం చూడాలి, ఏం తినాలి? (తరచుగా అడిగే ప్రశ్నలు)

నవంబరు రెండో వారం దాటిందంటే న్యూయార్క్, న్యూజెర్సీ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఇవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. మేసీస్ దుకాణం వాళ్ళు జరిపే బెలూన్ల పెరేడ్‌కి ఎన్నింటికి బయల్దేరాలి, టర్కీ కోడి వండటం మనవల్ల అవుతుందా, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలి... జవాబులన్నీ ఒకచోట ఉంటే నలుగురికీ పనికొస్తాయని రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ పండుగని టీవీలో పెరేడ్‌గా మాత్రమే చూస్తే సగం కూడా చూసినట్టు కాదు. అసలు సందడి పేటల్లో ఉంటుంది. అదీ పండుగ రోజైన గురువారం కన్నా ముందురోజు బుధవారం సాయంత్రం ఎక్కువ.

థాంక్స్‌గివింగ్ ప్రతి ఏడూ గురువారమేనా? తేదీ ఎలా తెలుస్తుంది?

అవును, నవంబరు నాలుగో గురువారం. 2026లో అది 26వ తేదీన వచ్చింది. కొంతమంది "చివరి గురువారం" అని గుర్తుపెట్టుకుని టికెట్లు కొంటారు. నెలలో ఐదు గురువారాలు పడిన ఏడు వాళ్ళ పని గోవిందా.

ఈ తేడా మీద ఒకప్పుడు దేశమే రెండుగా చీలింది. 1863లో అబ్రహాం లింకన్ ప్రకటించింది చివరి గురువారమే. 1939లో అది 30వ తేదీన పడింది. అలాగైతే క్రిస్మస్ షాపింగ్‌కి రోజులు చాలవని వ్యాపారులు మొత్తుకుంటే, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పండుగని వారం ముందుకు జరిపారు. దాదాపు సగం రాష్ట్రాలు సరేనన్నాయి, మిగతావి ససేమిరా అన్నాయి. చివరికి 1941 డిసెంబరులో నాలుగో గురువారం అని చట్టం చేసి గొడవకి తెరదించారు. మన పంచాంగకర్తల మధ్య పండుగ తేదీల పేచీలు చూసి నవ్వేవాళ్ళకి ఈ కథ చెప్పండి.

ఇది క్రైస్తవుల పండుగ కదా, మనం చేసుకోవచ్చా?

నిరభ్యంతరంగా చేసుకోవచ్చు. పుట్టుకలో దేవుడికి కృతజ్ఞత చెప్పుకునే ఉద్దేశం ఉంది, నిజమే. ఇవాళ మాత్రం యూదులు, ముస్లిములు, హిందువులు, ఏ నమ్మకమూ లేనివాళ్ళు అందరూ చేసుకుంటారు. పూజ లేదు, వ్రతం లేదు. అందరూ కలిసి కూర్చుని తినడమే తంతు.

పిల్లలున్న ఇళ్ళలో ఇంకో విషయం కూడా మాట్లాడుకోవాలి. బడిలో చెప్పే కథ 1621లో ఇప్పటి మసాచుసెట్స్ రాష్ట్రంలోని ప్లిమత్‌లో జరిగిన విందు గురించి. ఇంగ్లండు నుంచి వలస వచ్చినవాళ్ళు, ఆ నేల మీద ఎప్పటినుంచో ఉన్న వాంపనోగ్ ప్రజలు మూడు రోజులు కలిసి తిన్నారు. ఆ విందుకి వాంపనోగ్‌లు ఐదు జింకల్ని తెచ్చారని అప్పటి ఉత్తరం ఒకటి చెబుతోంది. ఆ తర్వాత వాళ్ళ భూములు, బతుకులు ఏమయ్యాయో ఆ కథలో ఉండదు. అందుకే 1970 నుంచి ఇదే రోజున ప్లిమత్‌లో మూలవాసులు సంతాప దినం పాటిస్తున్నారు. పండుగ చేసుకుంటూనే ఇది కూడా పిల్లలకి చెప్పవచ్చు, వాళ్ళకి బాగానే అర్థమవుతుంది.

మిగతా అమెరికాలో లేనిది న్యూయార్క్‌లో ఏముంది?

పెరేడ్ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి, తెలియనివి చెబుతాను. 1783 నవంబరు 25న బ్రిటిష్ సైన్యం న్యూయార్క్ ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఆ రోజుని ఈ ఊరివాళ్ళు చాలా ఏళ్ళు పెద్ద పండుగలా చేసుకున్నారు. థాంక్స్‌గివింగ్ కూడా అదే వారంలో రావడంతో మెల్లగా అది మరుగున పడింది.

ఇంకొకటి రాగమఫిన్ డే. 19వ శతాబ్దం చివర్లో మొదలై 1930ల దాకా థాంక్స్‌గివింగ్ రోజు పొద్దున్నే న్యూయార్క్ పిల్లలు చిరుగుపాతలు, అమ్మానాన్నల పాత బట్టలు తొడుక్కుని, మొహాలకి మసి పూసుకుని ఇంటింటికీ తిరిగేవాళ్ళు. "ఎనీథింగ్ ఫర్ థాంక్స్‌గివింగ్?" అని అడిగితే చిల్లరో, ఆపిల్ పండో, మిఠాయో చేతిలో పడేది. తర్వాత హాలోవీన్ ఈ సరదాని మింగేసింది. బ్రూక్లిన్‌లోని బే రిడ్జ్ పేట మాత్రం దీన్ని వదల్లేదు. అక్కడ థర్డ్ అవెన్యూ మీద రాగమఫిన్ పెరేడ్ ఇంకా చేస్తారు. కాకపోతే థాంక్స్‌గివింగ్‌కి కాదు, అంతకు చాలా ముందే, చలి ముదరకుండా. పిల్లలకి వేషం వేసి తీసుకెళ్తే వాళ్ళూ నడవవచ్చు.

మేసీస్ పెరేడ్ చూడాలంటే ఎన్నింటికి వెళ్ళాలి? ఎక్కడ నిలబడాలి?

ఈమధ్య ఏళ్ళలో ఉదయం 8:30కి మొదలవుతోంది. ముందు వరసలో నిలబడాలంటే ఆరు, ఆరున్నరకల్లా అక్కడ ఉండాలి. దారి రెండున్నర మైళ్ళు. వెస్ట్ 77వ వీధి దగ్గర మొదలై, సెంట్రల్ పార్క్ వెస్ట్ మీదుగా కొలంబస్ సర్కిల్‌కి వచ్చి, పార్కు కిందివైపు నుంచి సిక్స్‌త్ అవెన్యూ పట్టుకుని 34వ వీధిలో మేసీస్ దుకాణం ముందు ముగుస్తుంది.

టీవీలో పాటలు, డాన్సులు కనిపించేది ఆ దుకాణం ముందే కాబట్టి అక్కడికే వెళ్దామనుకుంటారు చాలామంది. వద్దు. అది టీవీ వాళ్ళ కోసం, టికెట్లున్నవాళ్ళ కోసం కట్టేసిన చోటు. సెంట్రల్ పార్క్ వెస్ట్‌లో పడమటివైపు కాలిబాట నా మొదటి ఎంపిక. పొద్దున సూర్యుడు పార్కు మీదుగా మొహానికి తగులుతాడు. ఆ చలిలో అదెంత సుఖమో సిక్స్‌త్ అవెన్యూలో ఎత్తయిన బిల్డింగుల నీడన మూడు గంటలు నిలబడినవాళ్ళకే తెలుస్తుంది. 1, 2, 3 ట్రైన్లలో ఏదో ఒకటి ఎక్కి బ్రాడ్‌వే 72వ వీధి దగ్గర దిగి తూర్పుకి నడవండి.

దారి పొడవునా పబ్లిక్ టాయిలెట్లు ఉండవు. కాబట్టి పొద్దున్నే కాఫీ లోటాలు లోటాలు పట్టించకండి. పిల్లలకి రెండు జతల సాక్సులు, టోపీ, గ్లవ్స్ తప్పనిసరి. ఉప్మా, ఇడ్లీ లాంటివి డబ్బాలో పెట్టుకున్నా చల్లారిపోతాయి. పూరీలో బంగాళాదుంప కూర చుట్టి ఫాయిల్‌లో పెడితే చల్లగా అయినా తినబుద్ధేస్తుంది.

నెలల పాప ఉంది / మామగారికి మోకాళ్ళ నొప్పులు. అంతసేపు నిలబడలేం. వేరే దారి ఉందా?

ఉంది, నా ఓటు దానికే. ముందురోజు, అంటే బుధవారం మధ్యాహ్నం నుంచి, నేచురల్ హిస్టరీ మ్యూజియం చుట్టూ 77, 81 వీధుల్లో బెలూన్లకి గాలి కొడతారు. హీలియం అనాలి నిజానికి. రోడ్డు మీద పెద్ద వలల కింద బోర్లా పడి ఉన్న బొమ్మలకి ముందు ఒక చెయ్యి లేస్తుంది, తర్వాత ముక్కు ఉబ్బుతుంది, కాసేపటికి ఒక కన్ను మన తలమీదికి వచ్చి చూస్తుంది. వల బిగించి పట్టిన ఇసుక బస్తాల పక్కనుంచే మనం నడుస్తాం. పెరేడ్‌లో నాలుగంతస్తుల ఎత్తున ఎగిరే బొమ్మ బుధవారం చేతికి అందేంత దగ్గర్లో ఉంటుంది. ప్రవేశం ఉచితం. ఏ వీధి నుంచి లోపలికి వదులుతారో, ఏ గంటల్లో వదులుతారో ఏడాదికోలా మారుతుంది కాబట్టి బయల్దేరే ముందు మేసీస్ వెబ్‌సైట్ చూసుకోండి. చీకటి పడేకొద్దీ జనం పెరుగుతారు. స్ట్రోలర్‌తోనో, పెద్దవాళ్ళతోనో వెళ్ళేవాళ్ళు తెరిచిన వెంటనే వెళ్ళడం మంచిది.

గాలి ఎక్కువగా ఉంటే పెరేడ్ ఆపేస్తారా?

పెరేడ్ ఆగదు, పెద్ద బెలూన్లు ఆగవచ్చు. 1997లో విపరీతమైన గాలికి ఒక బెలూన్ దీపస్తంభాన్ని కొట్టి, అది విరిగిపడి మనుషులకి దెబ్బలు తగిలాయి. ఆ తర్వాత నగరం నిబంధన పెట్టింది. గాలి నిలకడగా గంటకి 23 మైళ్ళు దాటినా, ఉండుండి వీచే గాలి 34 మైళ్ళు దాటినా పెద్ద బెలూన్లు ఎగరేయకూడదు. వర్షం పడితే మాత్రం యథాతథంగా నడుస్తుంది. 1924లో మొదలైన ఈ పెరేడ్‌ని యుద్ధకాలంలో 1942 నుంచి 1944 దాకా ఆపారు, రబ్బరు, హీలియం సైన్యానికి కావాలని.

పెరేడ్ మాకొద్దు. తిండి కోసం ఏ పేటకి వెళ్ళాలి?

ఇక్కడే అసలు పండుగ ఉంది. న్యూయార్క్‌లో థాంక్స్‌గివింగ్ భోజనం అంటే ఒక మెనూ కాదు. టర్కీ అన్నిచోట్లా ఉంటుంది, దాని పక్కన ఏముందో చూస్తే ఆ ఇంటివాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో తెలిసిపోతుంది.

బుధవారం పొద్దున యూనియన్ స్క్వేర్‌తో మొదలుపెట్టండి. 1976 నుంచి నడుస్తున్న రైతుబజారు అది. పండుగ ముందురోజు గుమ్మడికాయలు, రకరకాల స్క్వాష్‌లు, ఆపిల్స్, వేడి వేడి సైడర్ అనే ఆపిల్ రసంతో కిటకిటలాడుతుంది. టర్కీలు ముందే ఆర్డరిచ్చినవాళ్ళు వచ్చి పట్టుకెళ్తుంటారు.

బ్రాంక్స్‌లో ఆర్థర్ అవెన్యూ ఇటాలియన్ల పేట. 1940లో మేయర్ లా గార్డియా వీధుల్లో బండ్లవాళ్ళందరినీ ఒక కప్పు కిందికి చేర్చి కట్టించిన మార్కెట్ ఇప్పటికీ ఉంది. పండుగ ముందురోజు బ్రెడ్డు కోసం, తాజా రావియోలీ పాస్తా కోసం లైన్లు కడతారు. ఇటాలియన్ ఇళ్ళలో టర్కీ కన్నా ముందు లజానియా అనే పాస్తా వంటకం వస్తుంది. దాన్ని చూసి అదే భోజనం అనుకుని కడుపునిండా తినేస్తే టర్కీ వచ్చేసరికి చేతులెత్తేయాలి.

మన్‌హాటన్ పైకి వెళ్తే వాషింగ్టన్ హైట్స్, డొమినికన్ల పేట. టర్కీ పక్కన పెర్నీల్ అనే పంది మాంసం రోస్టు, దాంతో పాటు మోరో దె గ్వాందూలెస్ అనే అన్నం. ఆ అన్నంలో వేసేవి మన కందులే. పప్పుగా చీల్చినవి కాదు, గుండ్రని పచ్చి కందికాయ గింజలు. మన నేల మీద పుట్టిన పంట ఆఫ్రికా మీదుగా కరీబియన్ దాకా వెళ్ళి, థాంక్స్‌గివింగ్ పళ్ళెంలో కూర్చుంది. ఫ్రీజర్ సెక్షన్‌లోనూ, డబ్బాల్లోనూ ఆ కందులు దొరుకుతాయి. ఒక పాకెట్ తెచ్చుకుని పచ్చి కందికాయల కూర చేసుకోవచ్చు.

హార్లెమ్‌లో గుమ్మడికాయతో చేసే 'పై' అనే తీపి వంటకం స్థానంలో చిలగడదుంప 'పై'. మాకరోనీ చీజ్, కార్న్‌బ్రెడ్, కొలార్డ్ ఆకుకూర. ఆ ఆకుకూర చూడటానికి మన తోటకూర వేపుడులా ఉన్నా, లోపల పొగబెట్టిన మాంసం వేసి ఉడికిస్తారు. శాకాహారులు అడిగి తినాలి. 1962 నుంచి ఉన్న సిల్వియాస్ లాంటి చోట్ల తినాలంటే చాలా ముందే బుక్ చేసుకోవాలి.

క్వీన్స్‌లో రిచ్‌మండ్ హిల్, లిబర్టీ అవెన్యూ. గయానా, ట్రినిడాడ్ నుంచి వచ్చిన భారత సంతతివాళ్ళ పేట. 19వ శతాబ్దంలో చెరకు తోటల కూలీకి కలకత్తా నుంచే కాదు, మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు వెళ్ళాయి. వాటిలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. భాష పోయింది, మారియమ్మ కొలుపు మిగిలింది. పండుగ పూట అక్కడి బేకరీల్లో అనాసపండు కూరిన పైన్ టార్టులు, బ్లాక్ కేక్, కూరల కొట్లలో దాల్‌పూరీ. తీపి లేని బొబ్బట్టులా ఉంటుంది అది, బంగాళాదుంప కూరతో తింటే ఇంకేమీ అక్కర్లేదు.

7 ట్రైన్ 74వ వీధి స్టేషన్లో దిగితే జాక్సన్ హైట్స్. రెండు సందులు తిరిగితే టిబెటన్ మోమోలు, బంగ్లాదేశీ చేపల కొట్లు, కొలంబియా అరేపాలనే మొక్కజొన్న రొట్టెలు, మన కిరాణా కొట్లు. హలాల్ మాంసం దుకాణాల్లో టర్కీలు కూడా పెడతారు. ఒక్క సాయంత్రమే ఉందంటే నేను పంపేది ఇక్కడికే.

గురువారం హోటళ్ళు, కొట్లు తెరిచి ఉంటాయా?

కాస్ట్‌కో, ట్రేడర్ జోస్, టార్గెట్, వాల్‌మార్ట్ మూసేస్తారు. మ్యూజియాలు కూడా చాలావరకు మూతే. పేటల్లో చిన్న కొట్లు, చైనాటౌన్ హోటళ్ళు, న్యూజెర్సీలో ఎడిసన్-ఐసెలిన్ ఓక్ ట్రీ రోడ్డు మీది దుకాణాలు కొన్ని పూటైనా తెరుస్తారు. టైమింగ్స్ కోసం గూగుల్ని నమ్ముకోకండి, ఫోన్ చేసి కనుక్కోండి. చైనాటౌన్‌లో ఆ మధ్యాహ్నం బాతు తినే కుటుంబాలతో బల్లలు నిండిపోతాయి. పాలు, పెరుగు, కరివేపాకు బుధవారం మధ్యాహ్నానికల్లా తెచ్చేసుకోండి. సాయంత్రం కిరాణా కొట్టు లైన్లో నిలబడటం కన్నా పెద్ద టెన్షన్ ఈ పండుగలో ఇంకోటి లేదు.

మాకు గురువారం బాబా వారం. పైగా కార్తీక మాసం. టర్కీ ఎలా?

ఇది అచ్చంగా తెలుగువాళ్ళ సమస్య. పండుగ ఎప్పుడొచ్చినా గురువారమే. పక్కరోజుకి జరుపుదామంటే శుక్రవారం లక్ష్మీదేవి, శనివారం వెంకన్న. చాలా ఇళ్ళలో థాంక్స్‌గివింగ్ మాంసాహారం ఆదివారం పొయ్యెక్కేది ఇందుకే. అది కూడా కార్తీక మాసం అడ్డం పడకపోతేనే. 2026లో పండుగ కార్తీకంలోనే పడింది. పౌర్ణమి దాటిన రెండో రోజు.

ఇలాంటి ఏడు నిశ్చింతగా శాకాహార థాంక్స్‌గివింగ్ చేసుకోండి. ఈ సీజన్లో అమెరికా కొట్లలో దొరికేవన్నీ మన వంటకి పనికొచ్చేవే: గుమ్మడికాయ, చిలగడదుంప, బీన్స్, మొక్కజొన్న, క్రాన్‌బెర్రీ. గుమ్మడికాయ, చిలగడదుంప ముక్కలతో దప్పళం పెడితే పండుగ కళ వచ్చేస్తుంది. హాలోవీన్‌కి చెక్కే పెద్ద గుమ్మడికాయ మాత్రం కొనకండి, నీళ్ళు తప్ప రుచి ఉండదు. బటర్‌నట్ స్క్వాష్ గాని, కబోచా గాని తీసుకోండి.

అమెరికన్ల ఇంట్లో భోజనానికి వెళ్తే శాకాహారులు ఏవి చూసుకోవాలి?

స్టఫింగ్ అనే బ్రెడ్ వంటకం చూడటానికి శాకాహారమే, కాని సాధారణంగా చికెన్ బ్రాత్ పోసి చేస్తారు. గ్రేవీ టర్కీ నుంచి కారిన రసంతోనే. చిలగడదుంప మీద కాల్చిన మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయిల్లో జంతువుల ఎముకలు, తోలు నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. 'పై' వంటకం అడుగున ఉండే పిండిలో కొందరు పంది కొవ్వు వాడతారు. గ్రీన్‌బీన్ కాసరోల్‌లో పుట్టగొడుగుల సూపు ఉంటుంది. దీన్ని 1955లో న్యూజెర్సీలోని కామ్‌డెన్‌లో క్యాంప్‌బెల్ సూపు కంపెనీలో పనిచేసిన డార్కస్ రైలీ తయారుచేశారు. అంటే మన పక్కూరి వంటకమే. ఆలుగడ్డ ముద్ద, క్రాన్‌బెర్రీ సాస్, రోల్స్ సాధారణంగా ఫర్వాలేదు. ముందుగానే "మేం వెజిటేరియన్స్" అని ఒక మెసేజ్ పెడితే ఎవరూ ఏమీ అనుకోరు. అక్కడికెళ్ళాక ఖాళీ పళ్ళెంతో కూర్చుంటే పిలిచినవాళ్ళే బాధపడతారు.

క్రాన్‌బెర్రీలతో మన వంట ఏం చేయొచ్చు?

పప్పు, పులిహోర, పచ్చడి. చింతపండు, మామిడికాయ చేసే పని అంతా ఇది చేస్తుంది. న్యూజెర్సీ దక్షిణాన పైన్ బారెన్స్ ప్రాంతంలో బోలెడంత పండుతుంది. తాజా పళ్ళు 12 ఔన్సుల పాకెట్లలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకే దొరుకుతాయి. నాలుగు పాకెట్లు కొని ఫ్రీజర్లో పడేస్తే వేసవి దాకా ఢోకా లేదు.

పచ్చడి ఇలా. ఒక పాకెట్ కడిగి, తడి పూర్తిగా ఆరనివ్వండి. తడి ఉంటే నూనెలో చిట్లి మొహాన పడతాయి. నూనెలో ఆవాలు, పావు చెంచా మెంతులు, పది ఎండుమిర్చి, ఇంగువ వేయించి తీసి పొడి కొట్టుకోండి. అదే మూకుట్లో ఇంకాస్త నూనె పోసి పళ్ళు వేసి మూత పెట్టండి. నిమిషం తిరక్కుండానే లోపల టప్ టప్ మని పేలుతాయి. చప్పుడు ఆగాక మూత తీస్తే పళ్ళన్నీ మెత్తబడి, ఎర్రటి గుజ్జు నూనెలో కుతకుతలాడుతూ ఉంటుంది. గరిటె వెనకతో మెదిపి, ఉప్పు, పసుపు, కొట్టిన పొడి, నిమ్మకాయంత బెల్లం వేసి నూనె తేలేదాకా ఉంచి దింపండి. పులుపుతో పాటు కాస్త వగరు కూడా ఉంటుంది, బెల్లం దాన్ని సర్దుతుంది. వేడన్నంలో సరే, టర్కీ ముక్క మీద వేసుకున్నా డబ్బాలో వచ్చే తియ్యటి సాస్ కన్నా ఎంతో నయం. అమెరికన్ మిత్రులకి చిన్న సీసాలో పెట్టి ఇవ్వండి, మరుసటేడు వాళ్ళే అడుగుతారు.

టర్కీ మొదటిసారి వండుతున్నాం. ఎలా?

మనిషికి పౌనున్నర చొప్పున లెక్కేసుకుని కొనండి. గడ్డకట్టిన టర్కీని ఫ్రిజ్‌లో కరగనివ్వడానికి ప్రతి నాలుగైదు పౌన్లకి ఒక రోజు పడుతుంది. అంటే 12 పౌన్లదైతే మూడు రోజులు, ఆదివారం ఉదయమే ఫ్రీజర్లోంచి దించాలి. బయట కౌంటర్ మీద పెట్టి కరిగించకూడదు.

బుధవారం పొద్దున ఒళ్ళంతా ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రికి అల్లంవెల్లుల్లి, గట్టి పెరుగు, కారం, ధనియాల పొడి, గరం మసాలా, నిమ్మరసం కలిపి, తోలు పైన కాదు, వేళ్ళతో తోలు నెమ్మదిగా విడదీసి కింద మాంసానికి పట్టించాలి. పైన పూసిన మసాలా మాడుతుంది, లోపలికి దిగదు. గురువారం 325 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్లో 12 పౌన్ల టర్కీకి సుమారు మూడు గంటలు. రంగు చూసి దింపేయకండి. థర్మామీటరు తొడ లోపల, ఛాతీ మందంగా ఉన్నచోట గుచ్చితే 165 చూపించాలి. దింపాక ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి కోయండి, లేకపోతే రసమంతా బల్ల పాలు.

అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్ళు కిటికీ కాస్త తెరిచి ఉంచండి, స్మోక్ అలారం మోగుతుంది. నూనెలో టర్కీ వేయించే వీడియోలు చూసి బాల్కనీలో ప్రయోగాలు చేయకండి. నలుగురే ఉంటే టర్కీ మీద పంతం అక్కర్లేదు. పెద్ద కోడి చాలు, ఎవరూ పోలీసుల్ని పిలవరు.

కొలీగ్ ఇంటికి భోజనానికి పిలిచారు. ఏం తీసుకెళ్ళాలి?

ముందు వాళ్ళనే అడగండి. ఏమైనా తెమ్మంటే, ఓవెన్ అక్కర్లేని వంటకం తీసుకెళ్ళండి, ఎందుకంటే వాళ్ళ ఓవెన్లో టర్కీ తిష్ట వేసుకుని ఉంటుంది. పులిహోర ఇందుకు ప్రశస్తం: చల్లగా ఉన్నా బాగుంటుంది, పాలు, గుడ్డు ఉండవు. పల్లీలు, జీడిపప్పు వేస్తే మాత్రం ఆ సంగతి చెప్పాలి, అలెర్జీ ఉన్నవాళ్ళుంటారు. వాళ్ళు మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య తింటారు. మూడన్నారంటే మూడే. మన పెళ్ళి భోజనాల లెక్కన నాలుగున్నరకి వెళ్తే టర్కీ ఎండిపోయి ఉంటుంది. బల్ల చుట్టూ కూర్చున్నాక ఒక్కొక్కరూ ఈ ఏడాది దేనికి కృతజ్ఞతో చెప్పమనవచ్చు. ఒక్క వాక్యం చాలు, స్పీచ్ అక్కర్లేదు.

స్టూడెంట్స్‌మి. డార్మ్ ఖాళీ, ఇంటికెళ్ళే వీల్లేదు. ఏం చేయాలి?

ఫ్రెండ్స్‌గివింగ్, అంటే స్నేహితులతో చేసుకునే థాంక్స్‌గివింగ్ పెట్టుకోండి. ఆ వారం క్యాంపస్ మెస్సులు చాలావరకు మూస్తారు కాబట్టి మీలాగే మిగిలిపోయిన చైనా, మెక్సికో, ఘనా పిల్లల్ని కూడా పిలవండి. ఒకరు అన్నం, ఒకరు కూర, ఒకరు పేపర్ ప్లేట్లు అని ముందే షీటులో రాసుకోకపోతే అందరూ చిప్సే తెస్తారు. పరుగెత్తే ఓపికుంటే బ్రూక్లిన్ ప్రాస్పెక్ట్ పార్క్‌లో ఆ ఉదయం టర్కీ ట్రాట్ పరుగు ఉంటుంది, ముందే రిజిస్టర్ చేసుకోవాలి.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు. వాళ్ళకి బోర్ కొట్టకుండా ఏం చూపించాలి?

పొద్దున టీవీలో పెరేడ్ పెట్టండి, కాఫీ చేతిలో పెట్టుకుని వెచ్చగా చూస్తారు. తర్వాత ఫ్లషింగ్ బౌన్ స్ట్రీట్‌లోని గణేశ ఆలయం. 1977లో ప్రతిష్ఠ జరిగిన గుడి అది. దర్శనం అయ్యాక కింద క్యాంటీన్లో దోసెలు. సెలవు రోజు రద్దీ ఉంటుంది, క్యాంటీన్ వేళలు కనుక్కుని వెళ్ళండి. న్యూజెర్సీవాళ్ళకి బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి ఆలయం ఉండనే ఉంది. సాయంత్రం బ్రయంట్ పార్క్ వైపు లైట్లు, స్కేటింగ్ చూపించవచ్చు. రాక్‌ఫెల్లర్ సెంటర్ క్రిస్మస్ చెట్టుకి దీపాలు మాత్రం సాధారణంగా పండుగ తర్వాతి బుధవారమే వెలిగిస్తారు, అప్పటిదాకా చెట్టు చుట్టూ కట్టిన పరంజాయే కనిపిస్తుంది.

ఆ రోజు అన్నదానంలో సాయం చేయాలని ఉంది. ఎక్కడికెళ్ళాలి?

థాంక్స్‌గివింగ్ రోజు వడ్డించడానికి వచ్చేవాళ్ళు అవసరానికి మించి ఉంటారు. చెల్సీలో 1982 నుంచి నడుస్తున్న హోలీ అపోసిల్స్ సూప్ కిచెన్, 1879 నుంచి ఉన్న బౌరీ మిషన్ లాంటి చోట్ల ఆ రోజుకి వలంటీర్ల పేర్లు చాలా ముందే నిండిపోతాయి. చేయాలనే ఉంటే జనవరి, ఫిబ్రవరి చలిలో వెళ్ళండి. మనుషులు దొరకనిది అప్పుడే. పిల్లల్ని కూడా కలుపుకోవాలనుకుంటే లేనివాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే ఇంటిదగ్గరి ఫుడ్ పాంట్రీకి పప్పులు, బియ్యం, నూనె తీసుకెళ్ళండి. రిచ్‌మండ్ హిల్ గురుద్వారాలో అందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగర్‌కి ఏ రోజైనా వెళ్ళి పాత్రలు తోమవచ్చు, ఎవరూ ఎందుకొచ్చావని అడగరు.

కారులో రావచ్చా? ట్రైన్లు ఉంటాయా?

పెరేడ్‌కి కారు వద్దు. ఎడిసన్ వైపు వాళ్ళు మెట్రోపార్క్‌లో ఎన్‌జే ట్రాన్సిట్ ఎక్కి పెన్ స్టేషన్లో దిగాలి, జెర్సీ సిటీ వాళ్ళకి పాత్ ట్రైన్ 33వ వీధి దాకా వస్తుంది. అన్నీ సెలవు షెడ్యూల్ ప్రకారం నడుస్తాయి కాబట్టి ముందురోజు టైములు చూసుకోండి. పేటల్లో తినడానికి తిరిగేవాళ్ళకి మాత్రం ఒక సౌకర్యం: న్యూయార్క్‌లో ఆ రోజు పార్కింగ్ మీటర్లకి డబ్బులు వేయక్కర్లేదు, రోడ్లు ఊడ్చే రోజు కార్లు జరిపే నిబంధన కూడా ఉండదు. ఫైర్ హైడ్రెంట్ ముందు పెడితే మటుకు పండుగ రోజైనా టికెట్ పడుతుంది.

మిగిలిన టర్కీ ఏం చేయాలి?

వండాక రెండు గంటల్లోపు ఎముకల నుంచి విడదీసి ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. టర్కీ మాంసం పొడిగా ఉంటుంది కాబట్టి మళ్ళీ వేడిచేసి తింటే కొబ్బరి పీచు నమిలినట్టే. ఉల్లిపాయలు, టమాటాలు బాగా మగ్గనిచ్చి, మిరియాల పొడి దట్టించి ఇగురు చేస్తే తిరిగి ప్రాణం వస్తుంది. ముక్కలు చివర్లో వేసి ఐదు నిమిషాల్లో దింపాలి, మళ్ళీ ఉడకబెట్టకూడదు. ఎముకలతో మిరియాలు, వెల్లుల్లి వేసి చారు కాయండి. శుక్రవారం తినని ఇళ్ళవాళ్ళు చిన్న చిన్న పాకెట్లు కట్టి ఫ్రీజర్లో పెట్టి, మీద తేదీ రాయండి.